గిడుగు వారి ఇంటి మాట

విశాఖపట్టణంలో నేడు వన్ టౌన్ అని వ్యవహరించే భాగమే ఒకప్పుడు పట్టణం యావత్తూను. సముద్రానికీ కొండలకూ నడుమ ఇరుకు వీధులు, కురుపాం మార్కెట్టు, టౌన్ హాలు, పక్కపక్కనే మూడు గుట్టలమీద ఒక కోవెల, ఒక దర్గా, ఒక చర్చి. ఎదురుగా నీటిలోకి చొచ్చుకొని వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ. బెస్తవారు, ఓడవర్తకులు, ప్లీడర్లు, గుమాస్తాలు, దొరలు ఒకరినొకరు ఒరుసుకొంటూ నడిచిన చోటది. ఆ వీధులకు చేరువలో ఉన్న ఏ.వి.యన్. కళాశాలకు ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయన తమిళుడు. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఏ. యేట్సు దొర ఆంగ్లేయుడు. తెలుగుపిల్లవాడు ఇంటిలో ఒక తెలుగూ బడిలో మరొక తెలుగూ ఎందుకు నేర్వవలసి వస్తున్నదన్న శంక పండితలోకాన్ని అంతగా బాధించలేదు. తెలుగు మాతృభాష కాని ఈ ఇద్దరినీ అది నిద్రపోనివ్వలేదు. ఇంటివారికి కనిపించని గోడబీట అతిథికి కనిపించటం లోకంలో ఉన్నదే గదా.

యేట్సుదొర విచారించగా, దీనికి సమాధానం చెప్పగలవారు ఇద్దరే ఉన్నారని తెలిసింది. ఒకరు విజయనగరంలోని గురజాడ అప్పారావుగారు. రెండవవారు గంజాం జిల్లాలో, మహేంద్రగిరి ప్రాంతపు పర్లాకిమిడిలో రాజావారి విద్యాశాలలో చరిత్ర చెప్పుకొంటున్న గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. అప్పారావుగారు కవి, నాటకకర్త. ఆయనకు జవాబు తెలియటంలో వింత లేదు. చరిత్ర చెప్పే మేష్టరుకు ఎలా తెలిసిందన్నదే ప్రశ్న.

పంతులుగారిని తలచుకోగానే మనకు వేదిక గుర్తుకు వస్తుంది. బల్లమీద గుట్టలుగా పుస్తకాలు, ఒక్కొక్కటే విప్పి ప్రయోగాలు చూపిస్తూ గంటల తరబడి సాగే వాదం, ఎదుటి పక్షాన తలపండిన విద్వాంసులు. ఆ చిత్రం అబద్ధం కాదు. కాని ఆ వాదంలోని అసలు సరుకు వేదికమీద పుట్టినది కాదు. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా ఆయన ఇంటిలో, నలుగురి నడుమ, భోజనాలూ జ్వరాలూ పిల్లల చదువులూ సాగుతూ ఉండగా అది మెల్లగా కూడినది.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార తీరంలో, ముఖలింగ క్షేత్రానికి దగ్గరలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు ఆ ఊరి ఠాణాలో సముద్దారు, చిన్న ఉద్యోగం. తల్లి వెంకమ్మగారు. వీర్రాజుగారికి చోడవరం బదిలీ అయినది. అక్కడ 1875లో విషజ్వరం తగిలి ఆయన పోయినారు. పిల్లవాడికి అప్పటికి పన్నెండేళ్ళు. జ్వరం అనే మాట ఈ కుటుంబచరిత్రలో మరొకసారి కూడా రావలసి ఉన్నది.

మేనమామల ఆదరణతో చదువు సాగింది. విజయనగరంలో మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో ఆయన చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి. ఏడాది వయోభేదం గల ఆ ఇద్దరు బాలురు తరువాతి కాలంలో తెలుగు వచనాన్ని ఏమి చేయబోతున్నారో ఆనాడు వారి గురువులు ఎరుగరు. 1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషను నెగ్గారు. ఆ ఏడే వివాహం. మరుసటి ఏడు, అంటే 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతంమీద ఉపాధ్యాయుడైనారు. పదిహేడేళ్ళు నిండీనిండని ఆ యువకుడి మీద తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు, కొత్తగా వచ్చిన ఇల్లాలు ఆధారపడి ఉన్నారు. ఉన్న కొలువు విడిచి పై చదువుకు మద్రాసు వెళ్ళే ఊసే లేదు.

వెళ్ళలేదుగాని చదువు మానలేదు. పగలు పాఠాలు చెప్పి, మిగిలిన వేళల్లో తన పాఠం తాను చదువుకొని, ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., మరి పదేళ్ళకు 1896లో బి.ఏ. పూర్తిచేశారు. చరిత్రలో విశ్వవిద్యాలయమంతటికీ రెండవ స్థానం వచ్చింది. ఆయన పెద్దకొడుకు సీతాపతి 1885లో జన్మించాడు. తండ్రి ఎఫ్.ఏ. పరీక్ష వ్రాసేనాటికి కొడుకు ఒడిలో బిడ్డ. తండ్రి పట్టభద్రుడయ్యేనాటికి కొడుకు పదకొండేళ్ళవాడై తన పుస్తకాలు తాను చదువుకొంటున్నాడు. తండ్రీకొడుకులు ఒకే ఇంట ఒకే కాలంలో విద్యార్థులుగా ఉండటం అనే విశేషం ఆ ఇంటికి అలా అమరింది. ఇంటిలో పరీక్షార్థి ఉన్నప్పుడు సంసారం ఎవరు మోస్తారో చెప్పనక్కరలేదు. ముప్పది రూపాయలలో బియ్యమూ ఉప్పూ చూసి, చుట్టాలనూ పండుగలనూ చూసి, దీపపు నూనెకు కూడా మిగిల్చిన ఆడవారి గణితానికి ఏ విశ్వవిద్యాలయమూ స్థానాలు ఇవ్వదు.

ఈ నడుమనే స్వగ్రామానికి దగ్గరలోని ముఖలింగ దేవాలయాల గోడలమీది శాసనాలు ఆయనను ఆకర్షించాయి. పాతలిపి చదవటం ఎవరి సాయమూ లేకుండా నేర్చుకొన్నారు. గాంగవంశపు రాజులను గురించి ఆంగ్లంలో పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. అక్షరం ఎలా మారుతుందో, మాట ఎలా మారుతుందో రాతిమీద ప్రత్యక్షంగా చూచిన ఆ అనుభవం తరువాత పనికివచ్చింది. కాని దాని మాట ఇక్కడ విస్తరించే అవసరం లేదు. రాళ్ళకంటె మనుష్యులే ఆయనకు ఎక్కువ నేర్పారు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. కొండసరుకులు నెత్తిన పెట్టుకొని సంతకు దిగివచ్చేవారు. పట్టణంలో వారి మాట తెలిసినవారు అరుదు; తెలిసిన కొద్దిమందికీ ఆ తెలివిడి వ్యాపారసాధనం. సర్కారుతోగాని సాహుకారుతోగాని తన కష్టం తన నోట చెప్పుకోలేని మనిషికి మధ్యవర్తి ఏది చెబితే అదే న్యాయం. పంతులుగారు ఇది చూచారు. వీరికి వీరి భాషలోనే చదువు చెప్పాలి అన్న సంకల్పం కలిగింది. చెప్పాలంటే ముందు తాను నేర్వాలి. నేర్చుకొందామంటే ఆ భాషకు అక్షరం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు.

అందుకని ఆయన చేసిన పని చాలా సాదాగా కనిపిస్తుంది. తెలుగూ సవరభాషా రెండూ తెలిసిన ఒక మనిషిని తెచ్చి ఇంటిలో పెట్టుకొన్నారు.

ఈ వాక్యాన్ని చరిత్రకారులందరూ వ్రాశారు. వ్రాసి ముందుకు సాగిపోయారు. కాని పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దంలో, ఒక చిన్న సంస్థానపు పట్టణంలో, ఒక బ్రాహ్మణ గృహస్థుడి ఇంటిలో దాని అర్థమేమిటి? మడి, తడి, అంటు, ఎంగిలి అనే నాలుగు గీతల మధ్య దినచర్య నడిచే రోజులవి. వీధి అరుగుమీద కూర్చోదగినవారు కొందరు, సావిడి దాకా రాదగినవారు కొందరు, వంటయింటి గడప దాటదగినవారు బహుకొద్దిమంది. అలాంటి కాలంలో ఒక పరాయి మనిషి ఒకనాటి అతిథిగా కాక, నెలల తరబడి ఉండే గురువుగా ఇంటిలోకి వచ్చాడు. అతనికి వేళకు అన్నం పెట్టవలె. పడుకొనేందుకు చోటు చూపవలె. ఇరుగుపొరుగు అమ్మలక్కల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలె. ఈ భారం పంతులుగారి సంకల్పానిది కాదు, ఆయన ఇంటి ఆడవారిది. ఆ ఇల్లాలి సమ్మతి లేకుండా సవర వ్యాకరణంలో మొదటి పుట కూడా తయారయ్యేది కాదు.

మరొక తారుమారు కూడా అక్కడ జరిగింది. బడిలో గురుపీఠం పంతులుగారిది. ఇంటికి వచ్చిన తరువాత ఆయన శిష్యుడు; కొండలోనుంచి వచ్చినవాడు గురువు. ఆ గురువుకు వ్యాకరణ పరిభాష తెలియదు. ఇది నామవాచకమనీ అది క్రియ అనీ చెప్పడు. అడిగిన మాటకు తన మాట చెబుతాడు, అంతే. పాఠం తయారుచేసుకోవలసిన శ్రమ పూర్తిగా శిష్యుడిదే.

సవరభాష తెలుగుకుగాని ఒరియాకుగాని చుట్టం కాదు. అది ముండా భాషలలోనిది. ఆ భాషల దూరపు బంధువులు కంబోడియా, వియత్నాం దేశాలలో ఉన్నాయి. అందులో కొన్ని అచ్చులు గొంతులో చటుక్కున ఆగిపోతాయి. మన వర్ణమాలలో ఎంత వెదకినా ఆ ధ్వనికి గుర్తు దొరకదు. ఒక్క క్రియాపదమే చేసేవాణ్ణీ చేయబడేదాన్నీ కడుపులో పెట్టుకొని మన వాక్యమంత పొడవు సాగుతుంది. లెక్కపెట్టే తీరు మరీ వింత. పన్నెండు దాకా వేరువేరు పేర్లుంటాయి. ఆ పైన పన్నెండు–ఒకటి, పన్నెండు–రెండు అని సాగుతుంది. ఇరవై వచ్చిన తరువాత ఇరవైలమీద మళ్ళీ మొదలు. మనం ముప్ఫైమూడు అనే సంఖ్యను సవర ఇరవై–పన్నెండు–ఒకటి అని కూర్చుకొంటాడు. పదులు తప్ప మరొకటి ఎరుగని మనకు ఇది వంకర లెక్కగా తోస్తుంది. అతనికి మన లెక్కే వంకర. ఇందులో ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పటానికి న్యాయస్థానం ఎక్కడ ఉన్నది?

ఇక్కడే పంతులుగారికి ఒక సత్యం దొరికిందని చెప్పాలి. తెలుగులో ఒక మాట ఒప్పో తప్పో తేల్చుకోవాలంటే విద్వాంసుడు సూత్రం వెదుకుతాడు, నిఘంటువు తిరగవేస్తాడు, పూర్వకవి ప్రయోగం అడుగుతాడు. సవరభాషలో ఆ మూడూ లేవు. ఎదుట కూర్చున్న మనిషి ఆలోచించకుండా, సహజంగా, తన ఇంటివారితో అన్నట్టు అన్న మాట ఏదో అదే ప్రమాణం. దానిని దిద్దేందుకు శిష్యుడికి అధికారం లేదు. విని వ్రాసుకోవటమే అతని పని. భాషాశాస్త్ర గ్రంథాలు ఆయన తెప్పించుకొని చదివారు. అవి చెప్పినదీ అదే. కాని గ్రంథంలో చదివిన సూత్రానికీ, తన ఇంటి సావిడిలో దినదినమూ అనుభవానికి వచ్చిన సూత్రానికీ చాలా అంతరం ఉంటుంది. ఒక గదిలో సవర చెప్పిన మాటను భాష అని గౌరవించి వ్రాసుకొనే మనిషి, పక్కగదిలో తన తల్లి, తన చెల్లెళ్ళు, తన పిల్లలు మాట్లాడే తెలుగును గ్రామ్యమని ఎలా తోసివేయగలడు?

ఆ పిల్లలలో సీతాపతికి ఈ పాఠాలు ఆటలో భాగమైపోయినవి. తండ్రి ముప్పైయేళ్ళు దాటిన తరువాత కష్టించి నేర్చుకొన్న ధ్వనులు కొడుకు చెవిలో పసితనాన పడ్డాయి. చిన్ననాట చెవిలో పడిన భాషకూ, పెద్దనాట పట్టుదలతో నేర్చిన భాషకూ గల తేడా ఇద్దరు పిల్లలున్న ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. పర్లాకిమిడిలో తెలుగూ ఒరియా రెండూ వీధిలోనే వినబడతాయి. గిడుగువారి ఇంటిలో మూడవది కూడా వినబడింది. తరువాతి కాలంలో సవరల పాటలనూ ఆచారాలనూ గురించి సీతాపతిగారు వ్రాసిన వ్యాసాలకు అంకురం ఇక్కడిదే.

ఇంటిలో నేర్చిన భాష కొండలకు చేరవలె. పంతులుగారు సవరభాషలో చిన్నపుస్తకాలు సిద్ధపరిచారు. స్వంత ధనంతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలు ఇచ్చారు. ఆ ధనం ఎక్కడిది? తల్లినీ తోబుట్టువులనూ భార్యాబిడ్డలనూ పోషించిన జీతం నుంచే. పర్లాకిమిడి పాఠశాల కళాశాల అయినది, ఆయన పై తరగతులకు పాఠాలు చెప్పారు, జీతమూ కొంత పెరిగింది, పెరిగినది కొండెక్కింది. ప్రభుత్వం ఈ కృషికి ధనరూపంగా ప్రతిఫలం ఇవ్వబోగా తనకు వద్దని, సవరల బడులకు వినియోగించండని కోరారు. 1913లో బిరుదునిచ్చి సత్కరించారు. బిరుదుతో ఇంటి ఖర్చు తీరదని వేరే చెప్పాలా?

అసలు ఖర్చు మరొకటి ఉన్నది. మన్యానికి పోయినవాడికి మన్యపు జ్వరం తప్పదు. ఆ జ్వరానికి ఆనాడు ఉన్న మందు క్వినైన్. ఆయన పోయి వచ్చిన ప్రతిసారీ జ్వరం, జ్వరం వచ్చిన ప్రతిసారీ క్వినైన్. అది జ్వరాన్ని తగ్గించింది; మెల్లమెల్లగా వినికిడిని కూడా హరించింది. గొంతులో ఆగిపోయే సన్నని ధ్వనిని పట్టుకోవటానికి చెవి ఒగ్గి కూర్చున్న మనిషికి ఆ చెవే దూరమైపోయింది. చెవి ఇచ్చి భాషను తెచ్చుకొన్నాడని అనవచ్చు. అలా అనటం అలంకారానికి బాగుంటుంది గాని, ఇంటివారికి అది అలంకారం కాదు. ఒక గృహస్థుడికి చెవుడు వచ్చినప్పుడు ఆ ఇంటిలో ప్రతి చిన్న సంగతీ బిగ్గరగా చెప్పవలసివస్తుంది. గుసగుసలు, పరిహాసాలు, పిల్లల ముద్దుమాటలు, పక్కగదిలో వంటవేళ కబుర్లు, అన్నీ ఆయనకు అవతల ఒడ్డున జరుగుతున్నట్టు ఉంటాయి. వాడుకభాష కోసం దేశమంతటా పోరాడిన మనిషి తన ఇంటి వాడుకమాటను రానురాను తక్కువగా వినగలిగినాడు.

సీతాపతిగారు ఆ లోటును కొంత పూడ్చారు. తండ్రి ప్రారంభించిన సవర పరిశోధనలో ఆయన సహకారి. పసితనాన సవరపాఠం పక్కన ఆడుకొన్న పిల్లవాడు, తండ్రి చెవి మందగించిన తరువాత తండ్రికి చెవి అయినాడని అంటే అతిశయోక్తి కాకపోవచ్చు.

యేట్సుదొర ప్రశ్న పర్లాకిమిడి చేరేనాటికి ఇంటిలో ఇంత జరిగి ఉన్నది. కాబట్టి పంతులుగారు తడుముకోలేదు. పిల్లవాడు వస్తున్నాను అని ఇంటిలో అంటాడు; బడిలో వచ్చుచున్నాను అని వ్రాయకపోతే దెబ్బలు. చదువు అంటే ఉన్న మాటను పోగొట్టుకోవటం కారాదు గదా. విశాఖపట్టణంలో అయ్యంగారు, న్యాయవాది సెట్టి లక్ష్మీనరసింహంగారు, విజయనగరంలో అప్పారావుగారు, పర్లాకిమిడిలో పంతులుగారు ఒక దారికి వచ్చారు. సెట్టివారు గ్రీకు పురాణ కథలను వాడుకభాషలో వ్రాశారు. 1911లో పంతులుగారు ముప్పదియేళ్ళ ఉద్యోగం చాలించి విశ్రాంతి పొందవలసినవారు ఉద్యమంలో దిగారు.

ఎదుటి పక్షం చిన్నది కాదు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం శిరోధార్యంగా ఉన్న కాలం. జయంతి రామయ్య పంతులుగారి వంటి పలుకుబడిగల పెద్దలు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు, పత్రికలు అన్నీ గ్రాంథికానికి అండ. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని 1912–13లో వచ్చిన ఉత్తరువు అనతికాలంలోనే వెనక్కు పోయింది. 1915 నవంబరు 30న అప్పారావుగారు కన్నుమూశారు. విజయనగరం బడిలో మొదలైన స్నేహం అలా ముగిసింది. ఆ తరువాత ఈ బరువు ఎక్కువభాగం పంతులుగారిమీదనే పడింది.

ఆయన వాదించిన పద్ధతి గమనించదగినది. వాడుకభాష అందమైనదని ఆయన పాటలు పాడలేదు. గ్రాంథికం వ్రాస్తున్నామనుకొంటున్న పండితుల పుస్తకాలే తీసి, వారి సూత్రాల ప్రకారమే వారి తప్పులు వరుసగా చూపించారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అన్న గ్రంథం పేరులోనే ఆ హాస్యం ఉన్నది: రోగికి మందిచ్చే వైద్యులకే మందు కావలసివచ్చింది. ఎవరికీ తప్పులేకుండా రాని భాషను పసిపిల్లలమీద ఎందుకు రుద్దటం? పండితుడు కూడా దాహం వేసినప్పుడు ఇంటిలో మంచినీళ్ళు ఏ భాషలో అడుగుతాడు? ఆ ఇంటిభాష అతనిది కాదా? ఈ వాదం కొందరికి కటువుగా తోచింది. కటువుగానే ఉన్నది. ఆయన ప్రత్యర్థి తప్పును క్షమించి విడిచిపెట్టే స్వభావం గలవాడు కాదు; పుట, పంక్తి చూపించి నిలదీసేవాడు. ఆ పట్టుదల లేకపోతే అక్షరంలేని భాషకు నిఘంటువు వ్రాయటమూ సాధ్యమయ్యేది కాదు.

1919లో తెలుగు అనే పేరుతో ఒక మాసపత్రిక పెట్టారు. ఏడాదికంటె నడవలేదు. ఇంటి జీతంతో బడులు నడిపిన మనిషి ఇంటి పింఛనుతో పత్రిక ఎంతకాలం నడపగలడు? 1925లో తణుకులో జరిగిన సభలో నాలుగు గంటలసేపు ఉపన్యసించారు. సభలో లేచిన కేకలూ ఆక్షేపణలూ ఆయనకు సగమే వినిపించి ఉంటాయి. ఈ ఒక్క చోట మాత్రం చెవుడు ఆయనకు కవచమైందేమో.

ఇంత రణంలోనూ సవరపని ఆగలేదన్నది ఆశ్చర్యం. ముప్పది అయిదేళ్ళ కృషికి ఫలంగా 1931లో సవరభాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ఆంగ్లంలో అచ్చువేసింది. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1933లో రాజమహేంద్రవరంలో ఆయన సప్తతి మహోత్సవం జరిపి తెలుగుదేశపు రచయితలు ఒక వ్యాససంపుటిని సమర్పించారు. ఒకనాడు వెక్కిరించిన వాడుకభాషలో ఆనాటికి యువరచయితలు కథలూ వ్యాసాలూ ధారాళంగా వ్రాస్తున్నారు.

వ్యాకరణానికీ నిఘంటువుకూ నడుమ ఆ ఇల్లే కదిలిపోయింది. ఒరియా మాట్లాడే ప్రాంతాలతో ప్రత్యేక రాష్ట్రం ఏర్పాటు చేసేటప్పుడు పర్లాకిమిడిని ఎటు చేర్చాలన్న వివాదం వచ్చింది. రాజావారు కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా పక్షాన నిలిచారు. తరువాత 1937లో ఆ రాష్ట్రానికి ప్రధానమంత్రి కూడా అయినారు. అక్కడి తెలుగువారి పక్షాన పంతులుగారు వాదించారు. ఏ సంస్థానపు విద్యాశాలలో ముప్పదియేళ్ళు కొలువు చేశారో ఆ సంస్థానాధిపతికి ఎదురు నిలవటం వృద్ధాప్యంలో సులువైన పని కాదు. ఆయన మాట చెల్లలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. ఆ రాష్ట్రపు ప్రారంభోత్సవం నాటి ఉదయమే డెబ్బదిరెండేళ్ళ పంతులుగారు పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం తరలివచ్చారు.

1880 నుంచి 1936 దాకా ఏబదియారేళ్ళు. పదిహేడేళ్ళవాడుగా తల్లినీ చెల్లెళ్ళనూ వెంటబెట్టుకొని అడుగుపెట్టిన ఊరు. పిల్లలు పుట్టినదీ, పరీక్షలు వ్రాసినదీ, సవర గురువుకు అన్నం పెట్టినదీ, చెవి వినికిడి పోయినదీ అక్కడే. మాతృభాష పేరిట ఆ ఊరిని విడవవచ్చునుగాని, తన యావజ్జీవ కృషికి ఆలంబనమైన సవరలు ఆ కొండలలోనే మిగిలిపోయారు. తెలుగు కోసం తీసుకొన్న నిర్ణయం సవరల నుంచి ఆయనను వేరుచేసింది. ఈ నష్టాన్ని ఆయన జీవితచరిత్రలు తగినంతగా గమనించినట్టు లేదు; తెలుగువారు వ్రాసినవి కావటంచేత కాబోలు, అందులో వీరత్వమే ఎక్కువగా కనిపించింది. ఆ 1936లోనే జూన్ నెలలో మంగెయి గొమాంగో అనే సవరనాయకుడు తన జాతిభాషకు సోరంగ్ సొంపెంగ్ అనే స్వంత లిపిని కల్పించాడు. పంతులుగారు ఊరు విడిచి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు.

రాజమహేంద్రవరంలో నిఘంటువు పని ముగించారు. విశ్రాంతి అప్పుడూ లేదు. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికలవారి ఎదుట ఆయన చివరి విజ్ఞప్తి చేశారు. ప్రజలకు చెప్పవలసిన మాట ప్రజల భాషలోనే చెప్పమన్నది దాని సారాంశం. తరువాత వారమే, జనవరి 22న, ఆయన కన్నుమూశారు.

సీతాపతిగారు మరి ఇరవైతొమ్మిదేళ్ళు జీవించారు. తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వ నిర్మాణంలో పాలుపంచుకొన్నారు. పిల్లలకోసం గేయాలు వ్రాశారు. 1955లో వెరియర్ ఎల్విన్ సవరల మతాన్ని గురించి పెద్ద గ్రంథం ప్రచురించేనాటికి ఆ దారిలో ఈ తండ్రీకొడుకుల అడుగులు ముందే పడి ఉన్నాయి. ఆ తరువాత సవరభాషను పరిశీలించిన అమెరికా, ఐరోపా భాషాశాస్త్రజ్ఞులు కూడా పంతులుగారి వ్యాకరణంతోనే ప్రారంభించవలసివచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ కోసం ఆంగ్లంలో తెలుగు సాహిత్యచరిత్ర వ్రాసి ఇచ్చిన మరుసటి ఏడు, 1969 ఏప్రిల్‌లో, సీతాపతిగారు పరమపదించారు. పర్లాకిమిడి ఇంటి సావిడిలో సవర గురువు ఎదుట తండ్రి పక్కన కూర్చుని ఇరవై–పన్నెండు–ఒకటి అని లెక్క నేర్చిన తరం ఆయనతో ముగిసింది.